తనిఖీ రోజు ఎవరూ రాలేదు

సూదక్క రోజూ పొద్దున్నే దేవుడికి రోగుల జాబితా చదివి వినిపించేది. క్లినిక్కు తాళం తీసి, కిటికీలు తెరిచి, తాగే నీళ్ళు నింపి పెట్టాక, ఆ రోజు రావలసినవాళ్ళ ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చునేది. "దర్జీ, చక్కెర జబ్బు, తండ్రీ. మూల ఇంటి బామ్మ, మోకాళ్ళు. మూడు మెట్లు దిగడానికి ఏడుస్తోంది, కాస్త చూడు. సైకిలు షాపాయన, దగ్గు. బీడీ మానేశానంటాడు, నువ్వు నమ్మకు." ఇలా ఒక్కొక్కరి సంగతీ చెప్పి, ఆఖరి ఫైలు అయ్యాక, "నీకు తెలియక కాదు, గుర్తు చేస్తున్నానంతే," అని లేచేది. ఏ దేవుడికి చెబుతోందో ఎవరూ అడగలేదు.

ఉద్యోగంలో చేరేనాడు రాసుకున్న పేరు వేరే ఉంది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా బతకలేదు. ఆవిడ సూది వేస్తే చీమ కుట్టినంత కూడా తెలియదని ఎవరో పెట్టిన పేరు అలా నిలిచిపోయింది. మారాం చేసే పిల్లల్ని తల్లులు "సూదక్కని పిలవనా?" అని బెదిరించేవారు. ఆ పిల్లలే క్లినిక్కుకు వస్తే ముందు ఆమె ఒళ్ళోకి ఎక్కేవారు.

ఆరుగురు సంతానంలో నాలుగోది. పదో తరగతి పాసయ్యాక నర్సింగు అర్జీ నింపి, తనే నడిచి వెళ్ళి పోస్టు చేసి వచ్చింది వాళ్ళ లెక్కల టీచరు. ఆ పుణ్యం ఆ టీచరమ్మదే అని సూదక్క చెప్పని రోజు లేదు. ఇరవై నాలుగో ఏట ఈ క్లినిక్కుకు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇక్కడే. పెద్దాసుపత్రికి రెండుసార్లు బదిలీ అయితే రెండుసార్లూ కాళ్ళావేళ్ళా పడి ఆపించుకుంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఇంటికొచ్చినవాళ్ళతో, "మా ఆవిడకి ఆ క్లినిక్కు పెద్దిల్లు, నేను చిన్నిల్లు," అని నవ్వేవాడు. ఆవిడకి పొద్దున్నే వేడినీళ్ళు కాచి, డబ్బా కట్టి, గడప దాకా వచ్చి చేతికిచ్చేది కూడా ఆయనే.

క్లినిక్కు అంటే ఒక సందులో మూడు గదులు, ముందు వరండా, వరండాలో ఒక పొడవాటి చెక్క బెంచీ. ఎదురుగా దర్జీ కొట్టు. సందు చివర పెద్ద రోడ్డు. అక్కడ బస్సెక్కితే అరగంటలో పెద్దాసుపత్రి.

మొదట్లో ఆ క్లినిక్కుకు డాక్టర్లు వచ్చేవారు, పోయేవారు. ఆరు నెలలున్నవాడు ఘనుడు. సంచీ సర్దుకునేలోపే బదిలీ కాగితం వచ్చేది. దానివల్ల ఎవరికేం పోయిందని అడిగేవాళ్ళకి సూదక్క ఒక్క దర్జీ భార్య సంగతి చెప్పేది. ఆమెకి మొదటి బిడ్డ మూడో రోజునే పోయింది. వచ్చిన ప్రతి కొత్త డాక్టరూ కలం తీసి, "కాన్పులెన్నమ్మా? బతికున్నది ఎంతమంది?" అని అడిగేవాడు. "రెండు, ఒకడు" అని ఆమె చెప్పేది. పదకొండు మంది డాక్టర్లు, పదకొండుసార్లు. పన్నెండో డాక్టరు వచ్చాక ఆమె క్లినిక్కుకు రావడం మానేసి, మందుల షాపులో తెలిసిన మాత్రలు కొనుక్కుని మింగడం మొదలుపెట్టింది.

"పాపం ఆ డాక్టర్ల తప్పా? కాదు, పసివాళ్ళు, రాసుకోమన్నది రాసుకున్నారు," అనేది సూదక్క. అని, వెంటనే మొహం ఎర్రగా చేసుకుని, "ఎవరి తప్పూ కాకపోతే ఆ మనిషి ఆ మాట పదకొండుసార్లు ఎందుకు చెప్పాల్సొచ్చింది?" అనేది.

అలాంటి చోటికి ఐదేళ్ళ కిందట పెద్ద డాక్టరు వచ్చాడు. కొంచెం వంగి నడిచే మనిషి, గొంతు పైకి రాదు. వైద్య కళాశాలవాళ్ళ వెంట రెండేళ్ళు తిరిగి ఒక పని సాధించుకొచ్చాడు. కుటుంబ వైద్యులు కావాలనుకునేవాళ్ళు మూడేళ్ళ పీజీ చదువు ఈ క్లినిక్కులోనే చదవాలి. పెద్దాసుపత్రికి కొన్ని వారాలు వెళ్ళి కాన్పులూ, పిల్లల జబ్బులూ, ఎముకలూ నేర్చుకుని మళ్ళీ ఇక్కడికే రావాలి. ఒక్కొక్కరికి నూట ఇరవై ఇళ్ళ దాకా అప్పగిస్తారు. ఆ ఇళ్ళలో పసిబిడ్డ నుంచి పండు ముసలి దాకా మూడేళ్ళూ వాళ్ళ డాక్టరు ఆ ఒక్కరే.

నేర్పే పద్ధతి కూడా వేరు. పీజీ డాక్టరు రోగిని చూసి, గది బయటికి వచ్చి, పెద్ద డాక్టరు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో సంగతంతా చెప్పాలి. ఆయన అంతా విని, "సరే, జబ్బు చెప్పావు. మనిషి ఎవరు?" అనేవాడు. దానికి జవాబు రాకపోతే లోపలికి వెళ్ళి మళ్ళీ మాట్లాడి రావాల్సిందే.

సూదక్క పద్ధతి ఇంకొకటి. కొత్తగా వచ్చిన పీజీ మొదటి వారం స్టెతస్కోపు ముట్టుకోకూడదు. ఆవిడ సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. "డాక్టరు నర్సు సంచీ మొయ్యడమేంటి?" అని మొదటి ఏడు ఒకతను అలిగి ఇంటికి వెళ్ళిపోయాడు. మూడో రోజు తనే తిరిగొచ్చి సంచీ అందుకున్నాడు. సూదక్క సంచీలో ఉన్న బరువైన బీపీ మిషను తీసి తన చేతిలో పట్టుకుంది.

ఇప్పుడు చెప్పబోయేదంతా అతని తరవాత వచ్చిన డాక్టరమ్మ గురించి. సందులోవాళ్ళు ఆమెకి పెట్టిన పేరు నవ్వని డాక్టరమ్మ. చురుకైనదే, చదువుకున్నదే, మొహంలో మాత్రం చిరునవ్వు మచ్చుకైనా ఉండేది కాదు. గుండె జబ్బుల చదువుకి మార్కులు సరిపోక ఇటు వచ్చింది. ఆ కడుపుమంట ఎవరికీ చెప్పలేదు గానీ బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలుసు.

"సూదక్కా, ఆ అమ్మాయికి మేమంటే కోపమా?" అని మూల ఇంటి బామ్మ ఒకసారి చెవిలో అడిగింది.

"మీరంటే కాదు బామ్మా, మార్కులంటే."

"మార్కులదేముందే, మా ఆయనకి ఒక్క మార్కూ రాలేదు. డెబ్భై ఏళ్ళు బతికాడు!"

దర్జీ ఈ డాక్టరమ్మ ఇళ్ళలోని మనిషే. చక్కెర ఎంతకీ దిగేది కాదు. ఆమె ఇన్సులిన్ పెంచుతూ పోయింది. "మీరు తిండి దగ్గర అబద్ధం చెబుతున్నారు," అని గట్టిగా కోప్పడింది కూడా. దర్జీ తల వంచుకుని, "చిత్తం డాక్టరమ్మా," అనేవాడు. ఒకరోజు చక్కెర ఉన్నట్టుండి పడిపోయి, కొట్టులోనే మిషను మీదికి ఒరిగిపోయాడు. అప్పుడు పెద్ద డాక్టరు ఆమెని తిట్టలేదు. "కొట్టుకి వెళ్ళి ఒక పూట కూర్చుని రా," అన్నాడు.

సూదక్క తోడు వెళ్ళింది. ఇద్దరూ కొట్టులో స్టూళ్ళ మీద కూర్చున్నారు. దర్జీ కాలర్లు కుడుతున్నాడు. చేతికుట్టు వచ్చినప్పుడల్లా పక్కనున్న చిన్న దిండులోంచి దారం ఎక్కించి ఉన్న సూది ఒకటి తీసుకుంటున్నాడు. దిండు నిండా అలాంటి సూదులే. డాక్టరమ్మ చాలాసేపు ఆ దిండు వైపు చూసింది.

"ఇవన్నీ ఎవరెక్కించారండీ?"

దర్జీ దిండు పక్కకి జరిపాడు. లోపల్నించి భార్య చెప్పింది. "నేనేనమ్మా. పొద్దున్నే ఇరవై ఎక్కించి పెడతా. ఆయనకి కనపడి చావదు. బయట తెలిస్తే గిరాకీ ఎవరిస్తారు? కళ్ళు లేని దర్జీకి గుడ్డ ఎవరిస్తారు చెప్పండి?"

డాక్టరమ్మ సంచీలోంచి ఖాళీ సిరంజీ తీసి దర్జీ చేతిలో పెట్టింది. "పన్నెండో గీత దాకా నీళ్ళు తీసి చూపించండి." దర్జీ తీశాడు. పద్దెనిమిది దగ్గర ఆగాడు. "పన్నెండేనండీ," అన్నాడు ధీమాగా. మళ్ళీ తీయమంది. ఈసారి ఏడు.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు ముందు నిలబడి ఆమె చెప్పింది: "మనిషి ఎవరో ఇవాళ తెలిసిందండీ. ఎనిమిది నెలలు పట్టింది నాకు." దర్జీకి రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఒక కంటికి ఆపరేషను చేయించింది. రెండో కన్ను అయ్యేదాకా రోజూ సూదులతో పాటు సిరంజీ కూడా భార్యే నింపి పెట్టేలా నేర్పింది. పన్నెండో డాక్టరు వచ్చాక మానేసిన ఆ భార్య, ఆ తరవాత తనంతట తానే వచ్చి బెంచీ మీద కూర్చుంది. కాన్పుల సంగతి డాక్టరమ్మ అడగలేదు. ఫైల్లో ఉంది, చదువుకుంది.

నవ్వు మాత్రం అప్పటికీ రాలేదు. అయినా సందులో అందరికీ ఆ పట్టింపు పోయింది. "నవ్వకపోతే నవ్వకపోయింది, నాడి బాగా చూస్తుంది," అనేశారు.

ఇలా నడుస్తుండగా పెద్దాసుపత్రి సూపరింటెండెంటు కన్ను ఈ పీజీల మీద పడింది. అక్కడ వార్డుల్లో డాక్టర్లు చాలడం లేదు. అది నిజం, కాదని ఎవరూ అనరు. కొత్త పోస్టులు అడగడానికి కాగితాలు రాయాలి, పైవాళ్ళతో పోట్లాడాలి. ఇక్కడున్న ముగ్గురు పీజీలనీ లాక్కోవడం సులువు. "జలుబూ దగ్గూ చూసే కొట్లో కూర్చుంటే వైద్యం ఏం వస్తుంది? వార్డులో పడేస్తే అదే వస్తుంది," అని మీటింగుల్లో అనడం మొదలుపెట్టాడు. చివరికి, ఈ క్లినిక్కు పీజీ శిక్షణకి తగినదో కాదో తేల్చమని తనిఖీ పెట్టించాడు. కాదని తేలితే ఒకటో తారీఖు నుంచి ముగ్గురూ వార్డుల్లోకే. డాక్టరమ్మకి ఇంకా ఏడాది చదువు ఉంది. నూట పదిహేడు ఇళ్ళున్నాయి.

తనిఖీ గురువారమని మంగళవారం తెలిసింది. సూదక్క ఆ పూట బెంచీ తుడుస్తూ దర్జీ భార్యతో అంది: "ఎల్లుండి పెద్దవాళ్ళు వస్తున్నారమ్మా. మన డాక్టరమ్మకి పరీక్షలాంటిదనుకో. అది గట్టెక్కితే ఉంటుంది, లేకపోతే తీసుకుపోతారు. దేవుడికి దణ్ణం పెట్టుకో."

అంతే అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

గురువారం పొద్దున్న సూదక్క సందులోకి వచ్చేసరికి సందు అద్దంలా ఉంది. ఎవరు ఊడ్చారో, ఈ మూల నుంచి ఆ మూల దాకా నీళ్ళు చల్లి ఊడ్చేశారు. బెంచీ కూడా కడిగి ఉంది. సూదక్కకి గుండె నిండిపోయింది. ఎనిమిదయింది. తొమ్మిదయింది. బెంచీ మీద ఒక్కరు లేరు. రోజూ ఈపాటికి ముప్పై మంది ఒకరినొకరు నెట్టుకుంటూ, టోకెన్ల గురించి తగాదా పడుతూ ఉంటారు.

తొమ్మిదిన్నరకి తనిఖీ అధికారి వచ్చాడు. వేరే ఊరి కళాశాలలో ప్రొఫెసరు. మెల్లగా మాట్లాడే మనిషి, చేతిలో అట్ట మీద బిగించిన ఫారం. పక్కన సూపరింటెండెంటు. పెద్ద డాక్టరు లోపలికి తీసుకెళ్ళాడు.

"మంచాలెన్ని?" అని అడిగాడు అధికారి, ఫారం చూసి.

"మంచాల్లేవండీ," అన్నాడు పెద్ద డాక్టరు.

"మంచం లేని చోట పీజీ శిక్షణ!" అన్నాడు సూపరింటెండెంటు, నవ్వుతూ.

సూదక్క ఊరుకోలేకపోయింది. "మా మంచాలు వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయండీ. చూపించమంటే ఇప్పుడే తీసుకెళ్తా."

అధికారి తలెత్తి ఆమె వైపు చూశాడు. మళ్ళీ ఫారంలోకి దిగాడు. ఆపరేషను గది? లేదు. లైబ్రరీ? ఒక బీరువా. ఇవాళ వచ్చిన రోగులు? అప్పటికి ముగ్గురు. ఒకతను ఉద్యోగానికి ఆరోగ్య సర్టిఫికెట్టు కావాలని పెద్ద రోడ్డు మీద నుంచి దారి తప్పి వచ్చాడు. ఇంకొకతను అతని స్నేహితుడు. మూడోది, చెవిలో గింజ దూర్చుకున్న పసిపిల్ల.

"రోజూ డెబ్భై మంది వస్తారండీ," అంది సూదక్క. "ఇవాళ ఎందుకో... ఇదిగో, రిజిస్టరు చూడండి."

సూపరింటెండెంటు రిజిస్టరు తెరవనైనా తెరవలేదు. "రిజిస్టరుదేముంది సిస్టర్, చేతిలో కలం ఉంటే డెబ్భై కాదు, ఏడొందలు రాసుకోవచ్చు."

ముప్పై ఒక్క ఏళ్ళు. జ్వరంతో వచ్చిన రోజు కూడా, తల్లి పోయిన పదమూడో రోజున తిరిగొచ్చి కూడా, వచ్చిన ప్రతి మనిషినీ ఒక్కొక్క గీత కొట్టి రాసింది ఆ చెయ్యి. ఆ మనిషికి మొహం మీద ఆ మాట! అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు జారలేదు. గిరుక్కున తిరిగి వరండా దిగి ఎదురుగా ఉన్న దర్జీ కొట్టుకి వెళ్ళింది. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరింది.

దర్జీ కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. అరికాలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమయ్యా, షట్టరేసుకుని దాక్కున్నావేం? అందరూ ఏమైపోయారు?"

"ఇవాళ డాక్టరమ్మకి పరీక్ష కదా సూదక్కా! మేమందరం వెళ్ళి దగ్గుతూ కూర్చుంటే పాపం ఆ పిల్ల ఏం రాస్తుంది? ఇవాళ ఎవరూ గడప తొక్కొద్దని మా ఆవిడ ఇంటింటికీ చెప్పొచ్చింది. బామ్మ కూడా మోకాళ్ళు పట్టుకుని ఇంట్లోనే కూర్చుంది."

"సైకిలాయన?"

"దగ్గొస్తే వినపడుతుందని చెల్లెలింటికి పోయాడు."

సూదక్క అరచేత్తో నుదురు కొట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతమంది, ఇంత ప్రేమగా, ఒక్క గుమ్మం కూడా మిగల్చకుండా తిరిగి చెప్పి, తమ నెత్తిన తామే రాయి వేసుకున్నారు. ఆ రాయి అందించింది తనే. అప్పుడు ఆవిడ దృష్టి గుడ్డ మీద పడింది. "కాలికేమైంది?"

"మూడు రోజులైంది. చిన్న పుండు. పరీక్ష అయ్యాక చూపిద్దామని..."

గుడ్డ విప్పింది. బొటనవేలు కింద పుండు, చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే కాలిపోతోంది. చక్కెర జబ్బువాడి కాలు. "నువ్వు వేలు పోగొట్టుకుని పరీక్ష రాయిస్తావా?" అని కసిరి, రెక్క పట్టుకుని లేపింది. లోపల్నించి దర్జీ భార్య వచ్చి రెండో వైపు పట్టుకుంది. సందు దాటుతూ సూదక్క మూల ఇంట్లోకి ఒక కేక వేసింది, ఆ పక్కింట్లోకి ఒక కేక వేసింది. తొమ్మిది మంది వెంట వచ్చారు. ఒకళ్ళ చేతిలో మందు చీటీ, ఒకళ్ళ చంకలో బిడ్డ.

వాళ్ళు వరండా ఎక్కుతుంటే సూపరింటెండెంటు పెద్దగా అన్నాడు: "చూశారా సార్! మనం లెక్క అడిగేసరికి సంతకి తోలుకొచ్చినట్టు తోలుకొచ్చింది."

"నన్నెవరూ తోల్లేదయ్యా!" అంది బామ్మ, స్తంభం పట్టుకుని ఆయాసపడుతూ. "నా కాళ్ళ మీద నేను రావడానికే మూడు మెట్లు ఎక్కలేక చస్తున్నా, ఇంక తోలేదెవరు!"

లోపల డాక్టరమ్మని అధికారి ఏదో ప్రశ్న అడుగుతున్నాడు. ఆమె కిటికీలోంచి దర్జీ కాలు చూసింది. "క్షమించండి సార్," అని, ప్రశ్నకి జవాబు చెప్పకుండానే లేచి వచ్చేసింది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని కాలు ఒళ్ళోకి తీసుకుంది. పుండు కడిగింది, చీము తీసింది. దర్జీ "నొప్పి లేదమ్మా," అంటే, "నొప్పి లేకపోవడమే నా భయం," అంది. పెద్ద డాక్టరు పక్కన వంగి నిలబడి చూస్తున్నాడు, అవసరమైన చోట ఒక్క మాట అంటున్నాడు. చేతికి చెయ్యి అందించినట్టుగా, గురువు, శిష్యురాలు, నర్సు, దర్జీ భార్య నలుగురూ ఆ కాలి చుట్టూ. శిక్షణ అంటే ఏమిటో చూడాలనుకున్నవాడికి అంతకంటే ఏం చూపిస్తాం?

సూపరింటెండెంటు గడియారం చూసుకున్నాడు. అధికారి ఫారంలో రాసుకున్నాడు: ఆ రోజు రోగులు, ముగ్గురు. తరవాతివాళ్ళు పిలిపించబడినవారు. శిక్షణలో ఉన్న డాక్టరు ప్రశ్న మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఈ మూడూ నిజాలే. ఒక్కటీ అబద్ధం కాదు. నాకు మండేది అక్కడే. అబద్ధం రాసినవాడిని పట్టుకుని నిలదీయొచ్చు, ఇలాంటి నిజం రాసినవాడిని ఏమనాలి?

వెళ్ళేటప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది, సూదక్క తప్ప ఎవరూ గమనించలేదు. దర్జీ విడిచిన చెప్పులు గడపలో అడ్డంగా పడి ఉన్నాయి. సూపరింటెండెంటు దాటి వెళ్ళాడు. వెనక వస్తున్న అధికారి వంగి, ఆ రెంటినీ తన చేత్తో తీసి, గోడవారగా జతగా పెట్టి వెళ్ళాడు.

ఆ సాయంత్రం సూదక్క ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. భర్తకి అంతా చెప్పింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని నేను ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా," అన్నాడాయన.

"మీరూ నన్నే అనండి!"

"నిన్ను కాక సూపరింటెండెంటునంటే వినపడుతుందా?" అని, కంచం ఆవిడ ముందుకి జరిపాడు. "తిను. తిని రేపు పోట్లాడు. ఖాళీ కడుపుతో బస్సు కూడా నడవదు."

మర్నాడు పెద్ద డాక్టరు ఒక వినతి రాసి పంపాడు. "చూద్దాం లెండి సూదక్కా, పైవాళ్ళు ఆలోచిస్తారేమో," అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. ఆ మెత్తదనం మీద కూడా ఆవిడకి కోపం వచ్చింది. మంచివాళ్ళు ఇంత మెల్లగా మాట్లాడితే ఇంక గట్టిగా మాట్లాడేది ఎవరు? డాక్టరమ్మ మాత్రం రోజూ దర్జీ కాలికి కట్టు మార్చింది. వేలు నిలిచింది. ఐదో రోజు కట్టు కడుతూ, తల ఎత్తకుండా, "సూదక్కా, గుండె జబ్బుల సీటు ఇప్పుడిచ్చినా నేను వెళ్ళను. కానీ వార్డులోకి పంపితే మాత్రం ఇక్కడ ఎలా ఆగను?" అంది. వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ క్లినిక్కు వదిలి వెళ్ళనని సూదక్కతో అన్న డాక్టరు ఆమె ఒక్కతే.

ఒకటో తారీఖుకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. సూదక్క సెలవు చీటీ రాసి, తెల్లచీర మార్చుకోకుండానే బస్సెక్కింది. మూడు గంటల ప్రయాణం, ఆ కళాశాల ఉన్న ఊరికి. అధికారి గది ముందు మధ్యాహ్నం దాకా నిలబడింది. ప్యూను రెండుసార్లు, "అపాయింట్‌మెంటు లేదు కదమ్మా," అన్నాడు, మూడోసారి తన స్టూలు తెచ్చి వేశాడు.

అధికారి ఆవిడని గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు.

"మీరు ఎందుకొచ్చారో తెలుసమ్మా," అన్నాడు. "రిపోర్టు ఇంకా పంపలేదు. రేపో ఎల్లుండో పంపుతా. కానీ నేను చూసిందే రాయాలి. చూడనిది రాయలేను."

"రాయొద్దండీ. చూడనిది రాయమని అడగడానికి రాలేదు." సూదక్క గొంతు పెరిగింది, తగ్గించుకోవాలని కూడా చూసుకోలేదు. "మీరు ముగ్గుర్ని చూశారు, ముగ్గురనే రాశారు. ఆ మిగతావాళ్ళు ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయికి అడ్డం అవుతామని రాలేదండీ! సందంతా ఊడ్చి, జబ్బులు దాచుకుని, తలుపులేసుకుని కూర్చున్నారు. ఒకాయన మూడు రోజులు పుండు పెట్టుకుని, వేలు పోతుందని తెలియక, మీ పరీక్ష అయ్యేదాకా ఆగాడు. రెండేళ్ళ కిందట అయితే ఆ సందులో ఎవరూ ఏ డాక్టరు కోసమూ ఒక పూట దగ్గు ఆపుకునేవారు కాదండీ. అదండీ ఆ పిల్ల అక్కడ నేర్చుకున్నది. దానికి మీ ఫారంలో గడి లేదు, అది మీ తప్పు కాదు. పరీక్షన్న మాట నా నోట్లోంచి పొక్కడం మాత్రం నా తప్పే. నా రాతలు దొంగరాతలన్నారు, అది నేను మర్చిపోను, కానీ దాని కోసం కూడా రాలేదు."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఒక్క సాయం చెయ్యండి బాబూ. రిపోర్టు పంపేముందు ఇంకొక్కసారి రండి. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి ఓ మూల నిలబడి చూసి వెళ్ళిపోండి, ఎవరితో మాట్లాడక్కర్లేదు. ఏ రోజు వస్తారో మాత్రం పెద్ద డాక్టరుకి చెప్పకండి, ఆ సూపరింటెండెంటు గారికీ చెప్పకండి. మీకు దణ్ణం పెడతా, నాకు అసలే చెప్పకండి."